శంషాబాద్ అంగూరు తోటలు, దక్కన్ స్పార్క్లింగ్ వైన్

హైదరాబాద్‌కు దక్షిణాన బెంగళూరు రహదారి మీద ఉన్న శంషాబాద్‌ను ఇప్పుడు అందరూ విమానాశ్రయంతోనే గుర్తుపడతారు. ఒక తరం వెనక్కి వెళ్తే నగరాన్ని చుట్టిన పల్లెలకు మరో గుర్తు ఉండేది: అంగూరు తోటలు. రాజేంద్రనగర్, శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల వైపున, అటు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట, కీసర దాకా రాతి కడీలు పాతి, వాటిమీద తీగలు లాగి వేసిన పందిళ్ల కింద మనిషి తలెత్తితే తగిలే ఎత్తులో గుత్తులు వేలాడేవి. అక్కడ పండింది తినే ద్రాక్ష. వైన్ ద్రాక్ష ఇదే దక్కన్ పీఠభూమిలో వేరేచోట్ల వేళ్లూనుకుంది. పడమట నాసిక్, నారాయణగావ్, దక్షిణాన నంది కొండలు దానికి పేరుపడ్డాయి. ఈ చోట్ల ఎర్ర వైన్లతోపాటు బుడగలు చిమ్మే స్పార్క్లింగ్ వైన్ కూడా తయారవుతూ వచ్చింది. ఒకే పీఠభూమి, నాసిక్‌తో దాదాపు ఒకే ఎత్తు, ఒకే రకం ఎండ. అయినా శంషాబాద్ వైపు సీసా రాలేదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ బుడగ ఎలా పుడుతుందో తెలియాలి.

సీసాలో రెండోసారి పులియడం

ద్రాక్షరసాన్ని ఈస్టు పులియబెట్టినప్పుడు చక్కెర ఆల్కహాల్‌గానూ బొగ్గుపులుసు వాయువుగానూ విడిపోతుంది. మామూలు వైన్‌లో ఆ వాయువు గాలిలో కలిసిపోతుంది. స్పార్క్లింగ్ వైన్‌లో దాన్ని పోనివ్వరు. పాత పద్ధతిలో మొదట పుల్లగా, పలచగా ఉండే తెల్ల వైన్ ఒకటి చేస్తారు. దాన్ని సీసాల్లో నింపి, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కొద్దిగా ఈస్టు కలిపి మూత బిగిస్తారు. చీకటిగా, చల్లగా ఉండే గదిలో ఆ వైన్ సీసాలోనే మరోసారి పులుస్తుంది. లీటరుకు ప్రతి 4 గ్రాముల చక్కెరకు ఒక అట్మాస్ఫియర్ లెక్కన లోపల దాదాపు 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి పుడుతుంది. ఇది కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి సుమారు మూడింతలు. సీసా గాజు అంత మందంగా, అడుగు లోపలికి నొక్కినట్టు ఉండేది అందుకే.

పని ముగించిన ఈస్టు చనిపోయి మడ్డిగా అడుగున పేరుకుంటుంది. వైన్‌ను ఆ మడ్డిమీదే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉంచుతారు. కాల్చిన రొట్టెను తలపించే వాసన అక్కడి నుంచే వస్తుంది. తర్వాత సీసాను తలకిందులుగా వంచి, రోజూ కొంచెం తిప్పుతూ మడ్డినంతా మూతిదగ్గరికి చేరుస్తారు. మూతిని మాత్రం గడ్డకట్టించి మూత తీస్తే లోపలి ఒత్తిడే మడ్డి ముద్దను బయటికి తన్నేస్తుంది. ఖాళీ అయిన మేరకు వైన్, కొద్దిగా చక్కెర కలిపి నింపి, బిరడా పెట్టి, కమ్మీతో కట్టేస్తారు. ఇంత శ్రమ వద్దనుకునేవాళ్లు రెండోసారి పులియబెట్టడాన్ని పెద్ద ఉక్కు ట్యాంకులోనే కానిచ్చి, ఒత్తిడి తగ్గకుండా సీసాల్లోకి ఎక్కిస్తారు. ఇటలీ ప్రొసెక్కోలో ఎక్కువ భాగం అలా వచ్చేదే.

సాగుదారు పట్టించుకోవలసింది మరొకటి ఉంది. రెండోసారి పులిసేటప్పుడు ఆల్కహాల్ ఒకటింపావు శాతం దాకా పెరుగుతుంది కాబట్టి మొదటి వైన్ 10, 11 శాతం దాటకూడదు. బుడగకు వెన్నెముకలాంటి పులుపు మాత్రం నిండుగా ఉండాలి. అంటే కాయ పూర్తిగా పండకముందే, చక్కెర 17 నుంచి 19 శాతం మధ్య ఉన్నప్పుడే కోయాలి. ఎర్ర వైన్‌కు కావలసింది దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ తొక్కలో రంగు, గింజలో వగరు ముదిరేదాకా గుత్తిని తీగమీదే ఆగనివ్వాలి. ఎండ మండే నేలలో అలా ఆగితే పులుపు కరిగిపోయి, చక్కెర పెరిగి, వైన్ మొద్దుబారే ప్రమాదం ఉంది. తొందరగా కోయమనే స్పార్క్లింగ్ వైన్ ఆ లెక్కన వేడి నేలకు ఎర్ర వైన్‌కన్నా ఎక్కువ అనుకూలం. చలిదేశపు విలాసంగా పేరుపడిన షాంపేన్ తరహా వైన్ దక్కన్‌లో కుదరడానికి మూలం ఈ తొందర కోతలో ఉంది.

గోల్కొండ నాటి తెల్ల వైన్

ఈ నేలకు వైన్ కొత్త కాదు. 1666-67లో అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడిలో గోల్కొండ రాజ్యం చూసిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఇక్కడి ద్రాక్షతోటల గురించి రాశాడు. కాయలు జనవరికే పండుతాయని, తోట ఉత్తరం చూస్తుందా దక్షిణం చూస్తుందా అనేదాన్ని బట్టి కొన్నిచోట్ల కోత ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ దాకా సాగుతుందని, వాటితో తెల్ల వైన్ చేస్తారని నమోదు చేశాడు. కోత అయ్యాక తీగలు కత్తిరిస్తారని, వేసవి నడిమికి వాటినుంచి పుల్లని పచ్చికాయ రసం వస్తుందని కూడా రాశాడు.

చదువుతూ ఆగిపోవలసిన వాక్యాలివి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోయడం, కోత అయ్యాక కత్తిరించడం నేటి దక్కన్ ద్రాక్ష రైతు కూడా చేస్తున్నాడు. ఉష్ణమండలంలో ద్రాక్ష తీగ చలికాలపు నిద్రలోకి వెళ్లదు, ఊరుకుంటే ఏడాది పొడుగునా ఆకు వేస్తూనే ఉంటుంది. అందుకే ఏప్రిల్‌లో ఒకసారి కత్తిరించి కొమ్మను ముదరనిస్తారు. వానలు వెనకబడ్డాక అక్టోబర్‌లో మళ్లీ కత్తిరించి పూత రప్పిస్తారు. పంట మాత్రం ఒక్కటే. ఫ్రాన్సులో శీతాకాలం చేసే పనిని ఇక్కడ కత్తెర చేస్తుంది. మూడున్నర శతాబ్దాల కిందట తెవెనో చూసిన తెల్ల వైన్, పచ్చికాయ పులుపు రెండూ స్పార్క్లింగ్ వైన్‌కు కావలసిన ముడిసరుకులే.

ఆ తెల్ల వైన్ సంప్రదాయం నిలవలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రాంతం పేరు మోసిన సీసా మరొకటి: గోల్కొండ రూబీ, తియ్యగా ఉండే ఎర్ర వైన్. భారతదేశంలో వైన్ అంటే ఎర్రగా, తియ్యగా ఉండాలన్న అభిప్రాయం చాలాకాలం ఇలాంటి పోర్టు తరహా సీసాలతోనే స్థిరపడింది. ఇప్పటికీ దేశంలో వైన్ అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఎర్ర వైనే.

అనాబ్-ఎ-షాహీ

ద్రాక్షలకు అరబీలో అనాబ్ అంటారు. అనాబ్-ఎ-షాహీ అంటే రాచ ద్రాక్ష. హైదరాబాద్ వాసి అబ్దుల్ బాకర్ ఖాన్ 1890 ప్రాంతంలో ఈ రకాన్ని తన ఇంటి తోటకు తెచ్చి పెంచాడని ఉద్యాన గ్రంథాలు చెబుతాయి. అక్కడి నుంచి అది ఆంధ్రప్రదేశ్, కర్ణాటక మొదలుకొని పంజాబ్, హర్యానా దాకా పాకింది. కాయ పొడుగ్గా, తేనెరంగు తిరిగిన ఆకుపచ్చలో, గింజలతో ఉంటుంది. ఆలస్యంగా పండుతుంది, విరగకాస్తుంది. సగటు దిగుబడి హెక్టారుకు 35 టన్నులని లెక్క. ఫ్రాన్సులోని షాంపేన్ సీమలో చట్టం అనుమతించే దిగుబడి సాధారణంగా హెక్టారుకు 10 నుంచి 12 టన్నులు దాటదు. ఒక్క ఈ అంకెలోనే తినే ద్రాక్షకూ వైన్ ద్రాక్షకూ ఉన్న తేడా కనిపిస్తుంది.

అనాబ్-ఎ-షాహీ రసంలో కరిగిన పదార్థాలు 14 నుంచి 16 శాతం, అందులో అధికభాగం చక్కెర. నోటికి తియ్యగా తగిలే ఈ పండులో వైన్ లెక్కన చక్కెర తక్కువే. 18 శాతం ఉంటే 10 శాతం ఆల్కహాల్ వస్తుంది, 15 శాతమైతే 8 దాటడం కష్టం. పుల్లగా ఉందని మనం పక్కన పెట్టేసే షెనిన్ బ్లాంక్ అనే వైన్ ద్రాక్ష కాయలో నిజానికి దీనికన్నా చక్కెర ఎక్కువ ఉండవచ్చు. పులుపు తగ్గిపోవడం వల్ల, రసం నిండుగా ఉండటం వల్ల అనాబ్-ఎ-షాహీ తీపిగా అనిపిస్తుంది. తొందరగా కోస్తే పులుపు దొరుకుతుంది కానీ చక్కెర చాలదు. ఆగితే చక్కెర కొంచెం పెరుగుతుంది కానీ పులుపు పోతుంది. బల్లమీద రాజు అయిన ఈ పండు స్పార్క్లింగ్ వైన్ పీపాలోకి సరిగా దిగకపోవడానికి కారణం ఇదే. ఇది ఆ పండు లోపం కాదు. తినడానికి దాన్ని మించిన గింజ ద్రాక్ష దక్కన్‌లో లేదని నా అభిప్రాయం.

దాని అసలు బలహీనత బూజు తెగులు. వానా, మబ్బూ పట్టినప్పుడు ఆకు అడుగున తెల్లటి బూజు పరుచుకుని తోటనే తుడిచిపెట్టేస్తుంది. దానికి రైతు కలిపే మందు మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపిన బోర్డో మిశ్రమం. ఒక శాతం మందుకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. కొబ్బరి, బత్తాయి, తమలపాకు తోటల్లోనూ వాడే ఈ మందు పేరు తెలుగు రైతులకు తెలిసినదే. బోర్డో ఫ్రాన్సులో ఎర్ర వైన్లకు పేరుమోసిన ప్రాంతం. 1880లలో బూజు అక్కడి తోటలను తినేస్తున్నప్పుడు మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక సంగతి గమనించాడు. దారిపక్క కాయలను బాటసారులు తెంపకుండా రైతులు పూసిన నీలిరంగు పూత ఉన్న తీగలకే తెగులు సోకలేదు. ఆ పరిశీలన నుంచి పుట్టిన మందు అనాబ్-ఎ-షాహీ పందిళ్లను కూడా కాపాడింది. వైన్ రాకపోయినా వైన్ దేశపు వైద్యం మాత్రం మనదాకా వచ్చింది.

ఎర్ర వైన్ సీమల్లో తెల్ల బుడగలు

ఆ బోర్డోలోనే స్పార్క్లింగ్ వైన్ కూడా చేస్తారు. దానికి క్రెమాన్ ద బోర్డో పేరుతో 1990లో ప్రత్యేక గుర్తింపు వచ్చింది. ఫ్రాన్సులోనే పీనో న్వార్ ద్రాక్ష ఎర్ర వైన్‌కు పుట్టినిల్లయిన బుర్గుండీలో క్రెమాన్‌కు 1975లోనే గుర్తింపు దక్కింది. స్పెయిన్‌లో ఎర్ర వైన్లకు పేరున్న రియోహా కూడా 2017లో తన స్పార్క్లింగ్ వైన్‌కు పేరు పెట్టుకుంది. ఆస్ట్రేలియావాళ్లు షిరాజ్ అనే నల్ల ద్రాక్షతో ముదురెరుపు రంగులోనే బుడగల వైన్ చేస్తారు.

నల్ల ద్రాక్షనుంచి తెల్ల వైన్ ఎలా వస్తుందన్న సందేహం రావడం సహజం. చాలా నల్ల ద్రాక్షల్లో రంగు తొక్కలోనే ఉంటుంది, లోపలి రసం తెల్లగా ఉంటుంది. గుత్తులను నలగకుండా తెచ్చి మెల్లగా పిండి, రసాన్ని వెంటనే తొక్క నుంచి వేరు చేస్తే రంగు దిగదు. షాంపేన్‌కు వాడే మూడు ముఖ్య రకాల్లో షార్డనే ఒక్కటే తెల్లది. పీనో న్వార్, మ్యునియే రెండూ నల్లవే. అసలు షాంపేన్ సీమ కూడా పదిహేడో శతాబ్దంలో బుడగ లేని లేత ఎర్ర వైన్లతో బుర్గుండీకి పోటీ ఇవ్వాలని పాకులాడిన చోటే. బూజీ వంటి గ్రామాల్లో ఆ ఎర్ర వైన్ ఇప్పటికీ చేస్తున్నారు.

ఈ బూజీ నుంచి దక్కన్‌కు ఒక దారి ఉంది. ఆ గ్రామానికి చెందిన జార్జ్ వెసెల్ మమ్ షాంపేన్ సంస్థలో సాంకేతిక నిపుణుడిగా పనిచేశాడు. కన్వల్ గ్రోవర్ అనే పారిశ్రామికవేత్త ఆయనను భారతదేశానికి రప్పించాడు. ఫ్రెంచి రకాలను తెచ్చి 1980లలో పలుచోట్ల నాటి చూశారు. చివరికి బెంగళూరుకు ఉత్తరాన నంది కొండల దిగువన, దొడ్డబళ్లాపురం దగ్గర సుమారు 900 మీటర్ల ఎత్తున్న నేలను ఎంచుకున్నారు. గ్రోవర్ వైన్ 1992లో బయటికొచ్చింది. ఆ తర్వాత బోర్డో నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాతో వచ్చిన లా రిజర్వ్ అనే ఎర్ర వైన్ ఆ సంస్థకు పేరు తెచ్చింది. షాంపేన్ మనిషి ఎంచిన నేల ఎర్ర వైన్‌కే పేరుపడింది. 2012లో గ్రోవర్, నాసిక్ జిల్లాకు చెందిన జంపా కలిశాక ఆ సంస్థ సువారే పేరుతో స్పార్క్లింగ్ వైన్లు అమ్ముతోంది. అందులో గులాబీ రంగుది షిరాజ్ నుంచి చేస్తారు. నంది కొండలున్న చిక్కబళ్లాపురం, పక్కనున్న కోలారు జిల్లాల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్నవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తెలుగు పలికే పల్లెలకు అంత దగ్గరగా వైన్ ద్రాక్ష స్థిరపడింది.

నారాయణగావ్, నాసిక్

దక్కన్‌లో షాంపేన్ పద్ధతిని గట్టిగా నిలబెట్టింది పుణె జిల్లా నారాయణగావ్‌లోని ఇండేజ్ సంస్థ. శ్యామ్‌రావ్ చౌగులే 1980లలో ఫ్రాన్సులోని పైపర్-హైడ్‌సీక్ సాంకేతిక సాయంతో దాన్ని మొదలుపెట్టాడు. అక్కడి స్పార్క్లింగ్ వైన్ ఒమర్ ఖయ్యాం పేరుతో విదేశాలకు వెళ్లింది, దేశంలో మార్కీజ్ ద పాంపడూర్ పేరుతో అమ్ముడైంది. భారతదేశంలో వైన్ తాగే అలవాటే సరిగా లేని రోజుల్లో, వైన్లలోకెల్లా కష్టమైన రకంతో మొదలుపెట్టడం సాహసమే. 2010 ప్రాంతంలో అప్పుల భారంతో ఆ సంస్థ మూతపడింది. అయితే దక్కన్ వైన్‌ను సీసాలో రెండోసారి పులియబెట్టవచ్చన్న రుజువు మాత్రం మిగిలింది.

నాసిక్‌లో రాజీవ్ సామంత్ స్థాపించిన సూలా 2000లో మొదటి వైన్లు విడుదల చేసింది. షెనిన్ బ్లాంక్ అక్కడ పాదుకున్నది ఆ ప్రయత్నంతోనే. ఎండలోనూ పులుపు నిలుపుకునే ఈ రకమే దక్కన్ స్పార్క్లింగ్ వైన్‌కు మూలస్తంభమైంది. సూలా బ్రూట్ తర్వాత యార్క్ వంటి చిన్న సంస్థలూ ఈ దారి పట్టాయి. 2013లో మొయెట్ హెనెసీ సంస్థ నాసిక్ జిల్లా దిండోరిలో షాందోన్ పేరుతో తన భారతీయ స్పార్క్లింగ్ వైన్ తెచ్చింది. ఫ్రాన్సులో షాంపేన్ కోత సెప్టెంబర్‌లో ఉంటే, ఇక్కడ బుడగల వైన్‌కు కావలసిన కాయ డిసెంబర్ చివర, జనవరిలోనే దిగుతుంది. ఎర్ర వైన్ కాయ ఆ తర్వాత మార్చి దాకా నిలుస్తుంది. కోసిన కాయ వేడెక్కకుండా తెల్లవారుజామునే తెచ్చి, రసాన్ని చల్లబరిచిన ఉక్కు ట్యాంకుల్లో పెట్టాలి. షాంపేన్‌లో సున్నపురాతి నేలమాళిగలు ఏడాది పొడుగునా 10, 12 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఇక్కడ ఆ చల్లదనానికి కరెంటు బిల్లు కట్టాలి.

శంషాబాద్‌లో ఎందుకు రాలేదు

శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. నాసిక్ పట్టణమూ అటూ ఇటూగా 600 మీటర్ల దగ్గరే. చలికాలపు రాత్రులు నాసిక్‌లో మరికాస్త చల్లన, పులుపు నిలవడానికి అది కొంత మేలు. నేల వేరు: అక్కడ నల్లరాయి కరిగిన మట్టి, ఇక్కడ గ్రానైటు పొడిగా మారిన ఎర్ర చెల్క. నీళ్లు నిలవని చెల్క నేల ద్రాక్షకు చెడ్డదేమీ కాదు. వాతావరణం అడ్డు అని తేల్చేయడం తొందరపాటు అవుతుంది.

అడ్డుపడినవి మార్కెట్, చట్టం, భూమి ధర. తలుపు తీస్తే నగరం, ఎంత కాసినా కొనే బజారు. అలాంటిచోట హెక్టారుకు 35 టన్నులు ఇచ్చే తీగను పీకేసి, పది టన్నుల పుల్లకాయ నాటమని ఏ రైతుకు చెప్పగలం? నాసిక్ రైతుకూ ముంబయి బజారు ఉంది. కానీ కొనేందుకు వైన్ ఫ్యాక్టరీలు అక్కడ సిద్ధంగా ఉండేలా మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చింది. ఎక్సైజ్ సుంకం మినహాయించింది, వించూర్, పలూస్‌లలో వైన్ పార్కులు పెట్టింది. కర్ణాటక 2007లో తన వైన్ విధానం ప్రకటించింది.

అంతకుముందు దశాబ్దంలో తెలుగునేల చరిత్ర వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై లేవదీసిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ల తర్వాత 1997లో దాన్ని సడలించారు. సారా ఇళ్లను కూల్చిన తీరు చూసినవాళ్లు ఆ ఉద్యమాన్ని గౌరవించకుండా ఉండలేరు, నేనూ అంతే. అయితే సామంత్ నాసిక్‌లో మొదటి తీగలు నాటుతున్న రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌లో వైనరీ గురించి మాట్లాడటమే అసాధ్యమైంది. ఆ కాలం దాటేసరికి నేల సంగతి మారిపోయింది.

2005 మార్చి 16న శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. సుమారు 5,500 ఎకరాల ఆవరణలో కట్టిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న రాకపోకలు మొదలుపెట్టింది. అదే ఏడాది గచ్చిబౌలి వైపు అవుటర్ రింగ్ రోడ్డు తెరిచారు, 2009లో మెహదీపట్నం నుంచి పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఎకరం ధర పంటతో కాక రోడ్డుతో ముడిపడ్డాక, కడీలకూ తీగలకూ కూలీకీ పెట్టుబడి పెట్టి, అడుగంటుతున్న బోరును నమ్ముకుని, అక్టోబర్ వానకు భయపడే ద్రాక్ష రైతు ఎన్నాళ్లు నిలవగలడు? పందిళ్లు ఒక్కొక్కటే దిగిపోయాయి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ ఎగువన 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో వల్ల మొయినాబాద్, శంషాబాద్ వైపు కొంత పచ్చదనం మిగిలింది. దాని ఆంక్షలను ఎత్తేస్తూ 2022లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

బెంగళూరులోనూ ఇదే జరిగింది. నల్లటి బెంగళూరు బ్లూ ద్రాక్షకు ఆయువుపట్టయిన దేవనహళ్లిలో 2008 మే 24న విమానాశ్రయం తెరిచారు. శంషాబాద్‌కూ దానికీ మధ్య రెండు నెలల తేడా. అయితే బెంగళూరు బ్లూ రసానికీ వైన్‌కూ పనికొచ్చే ద్రాక్ష. దానికి ఫ్యాక్టరీ గిరాకీ ఉంది, 2013లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. హైదరాబాద్‌లోనే పేరు తెచ్చుకున్న అనాబ్-ఎ-షాహీకి అటువంటి ఆసరా దొరకలేదు. గింజలేని థామ్సన్ రకం బజారును ఆక్రమించాక దాని చోటు మరింత కుదించుకుపోయింది.

శంషాబాద్‌కు ఇవతల, రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఇంకా పనిచేస్తోంది. ఇప్పుడది శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాయ దిగినప్పుడు నగరవాసులు పిల్లలతో అక్కడికి వెళ్లి, పక్కపక్కనే పెంచిన ఎన్నో రకాలను చూసి, రుచి చూసి కొనుక్కుంటారు. అంతకు కొంచెం ముందే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో, నాసిక్‌లో పుల్లని షెనిన్ బ్లాంక్ రసం చల్లటి ట్యాంకుల్లో మొదటిసారి పులుస్తూ ఉంటుంది.